ముద్దాయి అనే మాట

పత్రికలో చేరిన కొత్తలో నేరవార్తల కోసం మేం రోజూ సాయంత్రం ఠాణాలు తిరిగేవాళ్ళం. ఏ ఊరి ఠాణా అనేది అక్కర్లేదు. కొల్లేటి గట్టు మీది ఊళ్ళలో ఒకటి అనుకోండి. ఒకనాడు ఒక పెద్దాయన వచ్చాడు. తెల్ల లాల్చీ, నెత్తిన టోపీ, చంకలో గొడుగు. చిన్నప్పుడు ఉర్దూ బడిలో చదువుకున్న మనిషి. తెలుగు బాగానే మాట్లాడతాడు గానీ పెద్ద మాట వాడాల్సి వచ్చేసరికి నోట్లోంచి ఉర్దూ మాటే వస్తుంది. ఆయన సైకిలు పోయింది. రాసుకుంటున్న కానిస్టేబులు తలెత్తకుండానే 'ఎవరు నువ్వు?' అన్నాడు. 'నేను ముద్దాయిని బాబూ' అన్నాడు పెద్దాయన. అప్పుడు తలెత్తాడు కానిస్టేబులు. 'ఏ కేసులో?' 'సైకిలు కేసులోనే బాబూ.' 'అయితే పోయి ఆ మూల కూర్చో.'

గంటన్నర కూర్చున్నాడు. మేం వెళ్ళేసరికి ఇంకా ఆ మూలనే ఉన్నాడు. సంగతి తెలుసుకుని కానిస్టేబులుకు విడమర్చి చెబితే ఠాణా అంతా నవ్వింది. పెద్దాయన కూడా నవ్వాడు. మర్నాడు మేం దాన్ని నవ్వులాట వార్తగా గడి కట్టి వేశాం. ఇప్పుడు తలుచుకుంటే ఆ వార్త రాసినందుకే ఎక్కువ సిగ్గేస్తుంది.

ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, నాకు అన్యాయం జరిగిందని చెప్పుకోవడానికి వచ్చినవాడు. ఎవరి మీద దావా వేశారో ఆ మనిషిని ముద్దా అలైహ్ అంటారు. నేరం మోపబడినవాణ్ణి ముల్జిమ్ అంటారు. అదే మాట తెలుగు కచేరీలోకి వచ్చేసరికి తలకిందులైంది. ముద్దాయి అంటే తెలుగులో నేరం మోపబడినవాడే. బహుశా ముద్దా అలైహ్ అన్నది నాలిక తిరగక తోక తెగి ముద్దాయిగా మిగిలిందేమో. భాషా శాస్త్రజ్ఞులు ఏమంటారో గానీ, ఠాణా గుమ్మంలో నిలబడ్డ మా పెద్దాయనకు మాత్రం ఇది శాస్త్ర చర్చ కాదు. ఆయన తన భాషలో ఫిర్యాది. ఆ గుమ్మం దాటగానే, అదే మాటతో, నేరస్తుడు. ఫిర్యాదు అన్న మాట కూడా మాదే, ఫర్యాద్. అదొక్కటి ఎందుకో తిరగబడకుండా మిగిలింది.

పోలీసుల గురించి మన తెలుగులో రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. లాఠీ గురించి, లాకప్పు గురించి, ఎన్‌కౌంటరు గురించి రాశారు. ఠాణా భాష గురించి రాసినవాళ్ళు తక్కువ. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా ఏ ఠాణాలో ఏ రిజిస్టరు తెరిచినా, జమాదారు, హవల్దారు, గస్తీ, బందోబస్తు, దర్యాప్తు, తాకీదు, హాజరు, జామీను, జప్తు, ఖైదు, పంచనామా... ఇవి తీసేస్తే ఠాణాకు నోరు లేదు. ముచ్చలిక టర్కీ వైపు నుంచి నడిచొచ్చింది. మామూలు అంటే ఉర్దూలో రోజువారీ అలవాటు. ఠాణాలో మామూలు అంటే ఏమిటో పాఠకులకు మేం చెప్పనక్కర్లేదు. ఊళ్ళో మునసబు అంటే మున్సిఫ్, ఇన్సాఫ్ చేసేవాడు. ఎంతమంది మునసబులు ఆ పేరుకు తగ్గట్టు నడిచారో కొల్లేటి లంకల్లో మాల మాదిగ పేటలను అడగాలి.

మురిసిపోయి రాస్తున్నది కాదు ఇది. మావాళ్ళలో కొందరికి ఒక జబ్బుంది. తెలుగులో ఉర్దూ మాట కనబడితే చాలు, అదిగో మా ఘనత అంటారు. ఠాణా అన్న మాట మాది కాదు, సంస్కృతపు స్థానమే ప్రాకృతంలో నలిగి అలా అయింది. కొత్వాలు కూడా కోటను పాలించేవాడే, మన దేశపు మాటే ఫార్సీలోకి వెళ్ళి గడ్డం పెంచుకుని తిరిగొచ్చింది. భాషలు అలా ఇచ్చి పుచ్చుకుంటాయి. మా ప్రశ్న వేరు. ఒక వ్యవస్థ మాటలన్నీ మా ఇంటివి, ఆ వ్యవస్థ అనుమానం మొదట వచ్చి వాలేదీ మా ఇంటి మీదే. ఇది ఎప్పుడు ఎలా జరిగింది?

సర్కారు జిల్లాలు అంటున్నాం కదా, ఆ సర్కారే ఫార్సీ. ఏలూరు సర్కారు ఉత్తర సర్కార్లలో ఒకటి. గోలకొండ నవాబుల కాలం నుంచీ ఫౌజ్‌దారు దారులు కాసేవాడు, కొత్వాలు పట్నం కాసేవాడు, పల్లెల్ని జమీందారు చూసుకునేవాడు, ఊరి మొదట్లో తలారి నిలబడేవాడు. పోలీసు అని విడిగా ఒక శాఖ లేదు. దొంగను పట్టేవాడూ, శిస్తు వసూలు చేసేవాడూ, యుద్ధానికి పోయేవాడూ ఒకడే. ఆ ఫౌజ్‌దారు కొరడా కూడా రైతు వీపు మీదే ఆడింది. ఏ మతం చేతిలో ఉన్నా కొరడా కొరడానే. 1753లో నిజాం ఈ సర్కార్లను ఫ్రెంచివాళ్ళకు రాసిచ్చాడు. 1766 ఒప్పందంతో ఇవి ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చాయి. ఏలూరు తంగెళ్ళమూడిలో తివాచీలు నేసే మావాళ్ళ మగ్గాలు అప్పటికే ఆడుతున్నాయి. పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్ళ పని అది. దొర మారాడు, దొర కాళ్ళ కింద తివాచీ మాత్రం మారలేదు.

కంపెనీ మొదట పాత పేర్లనే వాడుకుంది. 1793లో బెంగాల్లో కారన్‌వాలిస్ జిల్లాలను ఠాణాలుగా కోసి ఒక్కో ఠాణాకు ఒక దరోగాను పెట్టాడు. జమీందార్ల చేతిలోంచి కావలి అధికారం లాగేసుకున్నాడు. 1802లో ఆ పద్ధతిని మద్రాసు రాజధానికీ తెచ్చారు. ఇక్కడ అది నిలవలేదు. 1816లో మన్రో మాట మీద దరోగాను తీసేసి, పోలీసు పనిని ఊళ్ళో మునసబుకు, పైన తహసీల్దారుకు, ఆ పైన కలెక్టరుకు అప్పగించారు. చదువుకున్నవాళ్ళు చాలామంది ఇది దేశీయ పద్ధతికి తిరిగి రావడమని మెచ్చుకుంటారు. దాని ఫలం ఏమిటో 1855లో బయటపడింది. శిస్తు అడిగే చెయ్యి, దొంగను పట్టే చెయ్యి ఒకటే అయ్యేసరికి, బాకీ పడ్డ రైతుకూ దొంగకూ ఒకటే మర్యాద జరిగింది. మద్రాసు ప్రభుత్వం వేసిన చిత్రహింసల కమిషన్, వేళ్ళను కర్రల మధ్య పెట్టి నొక్కే కిట్టి గురించి, మనిషిని వంచి మెడకూ కాళ్ళకూ తాడు బిగించి ఎండలో వదిలేయడం గురించి పేజీలకు పేజీలు రాసింది. ఆ పని చేసినవాళ్ళు దొరలు కారు. తాలూకా కచేరీల బంట్రోతులు, తలారులు. మన మనుషులు. అందులో అన్ని కులాలవాళ్ళూ ఉన్నారు, మావాళ్ళూ ఉన్నారు. దొర మాత్రం చూసి ఆశ్చర్యపోయినట్టు నటించి, శిస్తు పూర్తిగా వచ్చిందా లేదా అని అడిగాడు.

ఆ నివేదిక, దాని వెనకే 1857 తిరుగుబాటు. ఈ రెండూ కలిసి 1859 నాటి మద్రాసు పోలీసు చట్టాన్ని కన్నాయి. దేశం మొత్తానికి వచ్చిన 1861 చట్టం కంటే ఇది రెండేళ్ళు పెద్దది. విలియం రాబిన్సన్ మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్. శిస్తును పోలీసు నుంచి విడదీశారు. జిల్లాకొక సూపరింటెండెంటు, అతని కింద ఇన్‌స్పెక్టర్లు, ఠాణాకొక హెడ్డు, ఆ కింద కానిస్టేబుళ్ళు. ఒకే యూనిఫారం, ఒకే డ్రిల్లు, నెల జీతం. సరిగ్గా ఆ ఏడాదే రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను కలిపి కోసి గోదావరి, కృష్ణా జిల్లాలు చేశారు. ఏలూరు గోదావరిలో ఉండేది. 1904లో కృష్ణాలోకి వెళ్ళింది, 1925లో పశ్చిమ గోదావరికి ముఖ్యపట్నమైంది, 2022లో తన పేరుతోనే ఒక జిల్లా అయింది. తాడేపల్లిగూడెం మాత్రం భీమవరం కేంద్రంగా పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది. కొల్లేరు అయితే ఏళ్ళ తరబడి కృష్ణాకూ పశ్చిమ గోదావరికీ సరిహద్దు. దోపిడి జరిగితే పడవ ఎవరి నీళ్ళలో ఉందో తేలేదాకా దొంగ ఏ ఠాణాకూ చెందడు. ఊరు ఎక్కడికీ కదల్లేదు, ఊరిని కాసే ఎస్పీ మారుతూ వచ్చాడు.

ఇక్కడ ఆగి చూడాల్సిన సంగతి ఒకటుంది. 1829లో లండన్‌లో రాబర్ట్ పీల్ పెట్టిన పోలీసు చేతిలో తుపాకీ లేదు. ఊరి వీధుల్లో జనం మధ్య నడిచేవాడు. అదే పీల్ అంతకు ముందు ఐర్లండులో పెద్ద అధికారిగా ఉన్నప్పుడు, 1814లో, అక్కడి జనం కోసం పెట్టింది వేరే రకం. ఆ దారిలోనే తర్వాత ఐరిష్ కాన్‌స్టాబులరీ పుట్టింది. బ్యారకుల్లో ఉండేది, తుపాకీ పట్టేది, సొంత జిల్లాలో ఉద్యోగం ఇచ్చేది కాదు. జనం దాని కళ్ళకు పౌరులు కారు, తిరగబడబోయేవాళ్ళు. 1843లో నేపియర్ సింధును ఆక్రమించాక అక్కడ ఈ ఐరిష్ నమూనానే దించాడు. అక్కడి నుంచి అది బొంబాయికి, మద్రాసుకు పాకింది. లండన్ పోలీసు మనదాకా రానేలేదు. వచ్చింది ఐర్లండు పోలీసు, కేథలిక్ రైతును నమ్మని పోలీసు. నమ్మకం లేకపోవడం ఈ యంత్రంలో తర్వాత చేరిన తుప్పు కాదు, అచ్చు పోసినప్పుడే లోహంలో కలిపింది. కొందరు చెడ్డ ఎస్సైల వల్ల పోలీసు చెడిందనే మిత్రులు ఈ వరస ఒకసారి చూసుకోవాలి. 1902-03లో ఫ్రేజర్ కమిషన్ దేశమంతా తిరిగి, ఈ పోలీసు అవినీతిపరుడు, జనాన్ని పీడించేవాడు అనే పేరు తెచ్చుకున్నాడని రాసింది. మందుగా సబ్‌ఇన్‌స్పెక్టర్లను నేరుగా నియమించమంది, రహస్య నేర విచారణ శాఖలు పెట్టమంది. రోగానికి ఇంకో రెండు మెట్లు కట్టారు.

ఈ బలగంలో మావాళ్ళు బయట నిలబడి చూస్తున్నవాళ్ళు కారు. పందొమ్మిదో శతాబ్దపు మద్రాసు పోలీసులో ముస్లింలు తమ జనాభాకు మించే ఉండేవాళ్ళు. నవాబుల పటాలాలు పోయాక చేత విద్య లేని కుటుంబాలకు సర్కారు బెల్టే భూమి. మా నానా, అంటే అమ్మ తండ్రి, 1946లో కానిస్టేబులుగా చేరాడు. మద్రాసు బెల్టు పెట్టుకుని చేరినవాడు, 1953లో ఆంధ్ర బెల్టు, 1956లో ఆంధ్రప్రదేశ్ బెల్టు పెట్టుకున్నాడు. హెడ్డుగా దిగిపోయాడు. పల్లెలో ఆయన్ని 'సాయిబుగారు' అనేవాళ్ళట, వెనక నుంచి ఇంకేమనేవాళ్ళో ఆయన చెప్పలేదు. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని ఎవరిని ఎలా కొట్టారో నవ్వుతూ చెబుతుంటే పిల్లలుగా మేం కూడా నవ్వాం. కొట్టించుకున్నవాళ్ళ పేర్లు ఆయనకు గుర్తుండేవి. ఎక్కువమంది ఎరుకలవాళ్ళు, యానాదులు, కొల్లేటి వడ్డీలు. బాధితులుగా మా చరిత్ర రాసుకునేటప్పుడు ఈ అరుగును చెరిపేయడం న్యాయం కాదు. నిజాం ఇలాకాలోనూ అంతే. 1920 నుంచి హైదరాబాదు నగర కొత్వాలుగా ఏళ్ళ తరబడి ఉన్నది వెంకటరామారెడ్డి, తెలుగు రెడ్డి. ఠాణా మతం చూసి కాక నమ్మకం చూసి మనుషుల్ని ఎంచుకుంటుంది. అవసరం తీరాక మతం చూస్తుంది.

ఆ అవసరం ఎలా తిరుగుతుందో చెప్పడానికి మలబారు పోలీసు కంటే మంచి ఉదాహరణ లేదు. 1921లో మలబారులో మాప్పిళ్ళ రైతులు తిరగబడ్డారు. ఆ ఏడాది నవంబరులో సుమారు 70 మంది ఖైదీలు మూసేసిన రైలు పెట్టెలో ఊపిరాడక చచ్చిపోయారు. ఆ రైలు వెళ్ళాల్సింది మన తెలుగువాళ్ళున్న బళ్ళారి జైలుకే. మాప్పిళ్ళలను అణచడానికి ఆ ఏడాదే కొత్తగా కట్టిన సాయుధ బలగం పేరు మలబారు స్పెషల్ పోలీసు. ముస్లిం రైతు కోసం పుట్టింది గదా, అక్కడితో దాని పని అయిపోయిందా? మరుసటి ఏడాది 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడ్డాడు. ఏమేం పట్టుకుపోయిందీ రాసి సంతకం పెట్టి వెళ్ళాడని మన్యంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఠాణా ప్రాణం తుపాకీలో కాక రిజిస్టరులో ఉంటుందని ఆయనకు తెలుసునని మాకు అనిపిస్తుంది. ఆ మన్యానికి 1879లోనే ఒక రంప తిరుగుబాటు జరిగింది, అప్పుడూ జనం మొదట వెళ్ళింది ఠాణాల మీదికే. 1922లో ఆ కొండల్లోకి సర్కారు దించిన బలగాల్లో ఈ మలబారు పోలీసు ఉంది. మాప్పిళ్ళ మీద నేర్చుకున్న పనిని కోయల మీద, బగతల మీద చేసింది.

మూడోసారి వాళ్ళు వచ్చింది ఇంకా దగ్గరికి. 1949లో, అప్పటికి స్వతంత్రం వచ్చి రెండేళ్ళు, కృష్ణా జిల్లా కాటూరు, యలమర్రు గ్రామాల్లో కమ్యూనిస్టుల కోసమని మగవాళ్ళ బట్టలు ఊడదీయించి గాంధీ విగ్రహం చుట్టూ నడిపించింది మలబారు పోలీసులే. ఆ నడిచినవాళ్ళలో భూములున్న కమ్మ రైతులూ ఉన్నారు. మాప్పిళ్ళ కోసం కట్టిన లాఠీ ఇరవై ఎనిమిదేళ్ళలో ఎక్కడిదాకా వచ్చిందో చూడండి. ఇవాళ్టికీ మా కృష్ణా, పశ్చిమ గోదావరి పల్లెల్లో ముసలివాళ్ళు 'మలబారోళ్ళు' అంటే ఒళ్ళు జలదరించినట్టు చెబుతారు. ఆ మలబారోళ్ళు ఎవరి కోసం పుట్టారో మాత్రం వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. 1921ని ముస్లిం కథగా, 1922ని జాతీయ కథగా, 1949ని పార్టీ కథగా మూడు పుస్తకాల్లో పెట్టి మనవాళ్ళు మూడు అరల్లో సర్దేశారు. బలగం ఒకటే గనక పుస్తకం కూడా ఒకటే కావాలి. ఆ పుస్తకం తెలుగులో ఇంకా రాలేదు.

ఆ మధ్యలోనే 1948 సెప్టెంబరు. భారత సైన్యం ట్యాంకులతో హైదరాబాదులోకి నడిచింది. దానికి పెట్టిన పేరు 'పోలీసు చర్య'. సైన్యం వెళ్ళినా పేరు మాత్రం పోలీసుది. ఊళ్ళ మీద జరిగిన చావుల సంఖ్యను సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మధ్య అంచనా కట్టింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. రజాకార్లు చేసిన ఘోరాలు ఘోరాలే, అందులో మాకు రెండో మాట లేదు. వాటికి లెక్క తీర్చుకున్నది మాత్రం రజాకార్ల మీద కాదు, వాళ్ళతో సంబంధం లేని చేనులోని సాయిబు మీద.

ఇక రిజిస్టరు సంగతి. దొంగను పట్టడం ఒక పని. దొంగ కాబోయేవాణ్ణి పట్టడం ఇంకో పని. ఈ రెండోదే ఆధునిక పోలీసు ప్రత్యేకత. 1871 నాటి నేరస్త జాతుల చట్టం 1911లో మద్రాసుకు వచ్చింది. ఎరుకలను, యానాదులను, ఇంకా ఎన్నో సంచార కులాలను పుట్టుకతో నేరస్తులని గెజిట్‌లో అచ్చు వేశారు. స్టూవర్ట్‌పురం అలా పుట్టిందే. పోలీసు శాఖకు పెద్దగా చేసిన దొర పేరే దానికి పెట్టారు. 1952లో ఆ చట్టం పోయింది. సస్పెక్టు షీటు, హిస్టరీ షీటు పోలేదు. అనుమానం కలిగేలా తిరిగేవాడి దగ్గర ముచ్చలిక రాయించుకునే పాత 109, 110 సెక్షన్లు పోలేదు. 2024 జులై నుంచి అమలులోకి వచ్చిన కొత్త సంహితలో అంకెలు 128, 129గా మారాయి, అంతే. ఎలుగుబంటిని ఆడించే మావాళ్ళు, నెమలీకల కట్టతో వాకిట నిలబడే ఫకీర్లు, అత్తరు పెట్టెతో ఊళ్ళు తిరిగే సాయిబులు, వీళ్ళంతా ఆ సెక్షన్లకు పుట్టినప్పటి నుంచీ పరిచయస్తులే. మమ్మల్ని ఏ గెజిట్‌లోనూ నేరస్త జాతి అని వేయలేదు. వేయకుండానే పని జరుగుతున్నప్పుడు అచ్చు ఖర్చు ఎందుకు?

ఇక్కడ మన గోదావరి మనిషి ఒకాయన్ని తలుచుకోవాలి. 1962లో ఖరక్ సింగ్ కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. దోషిగా తేలని మనిషి ఇంటికి అర్ధరాత్రి పోలీసులు వచ్చి తలుపు తట్టి ఉన్నాడో లేడో చూసుకుపోవచ్చా? తలుపు తట్టడం తప్పన్నది కోర్టు. మిగతా నిఘాకు అడ్డు చెప్పలేదు. రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు విడిగా తీర్పు రాశాడు. నీడలా కళ్ళు వెంటాడుతున్నంతకాలం మనిషికి కదిలే స్వేచ్ఛ ఉన్నా లేనట్టేననీ, నిఘా మొత్తం రాజ్యాంగానికి విరుద్ధమనీ తేల్చాడు. ఆయన మైనారిటీ తీర్పు 55 ఏళ్ళ తర్వాత, 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీల బెంచి చేతిలో గెలిచింది. ఏలూరు కోర్టు ఆవరణలో వకీళ్ళు ఈ తీర్పు గురించి గర్వంగా మాట్లాడుకోవడం విన్నాం. ఆ తీర్పు కోర్టు గోడ దాటి ఠాణా మెట్లెక్కిందా అంటే, గూడెం ఉల్లిపాయల మార్కెట్లో మా బంధువు సంగతి చెప్పాలి. మహారాష్ట్ర నుంచి లారీలకు సరుకు తెప్పిస్తాడు. ఫోనులో అవతలివాళ్ళతో ఉర్దూలోనో హిందీలోనో మాట్లాడక తప్పదు. దేశంలో ఎక్కడ బాంబు పేలినా ఆ వారం అతని కొట్టుకు ఒక మనిషి వస్తాడు. కొట్టడు, తిట్టడు. 'ఎక్కడెక్కడికి ఫోన్లు చేస్తావు సాయిబూ' అని టీ తాగి పోతాడు. పక్క కొట్టు ఆయనకూ నాసిక్ నుంచే సరుకు వస్తుంది. ఆయన దగ్గర టీ తాగడానికి ఎవరూ రారు.

ఠాణానే తిడుతూ కూర్చుంటే మా వృత్తి తప్పించుకుపోతుంది. 'పోలీసుల కథనం ప్రకారం' అనే రెండు మూడు మాటలు రాయడానికి మాకు బద్ధకం. 'అనుమానితుడు' అని పొద్దున ఫోనులో చెప్పినవాణ్ణి సాయంత్రానికి శీర్షికలో 'ఉగ్రవాది' చేసేది మేమే. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగింది. పేలుడులో పోయినవాళ్ళు పోగా, ఆ మధ్యాహ్నం పోలీసు కాల్పుల్లోనూ మనుషులు పోయారు. ఆ తర్వాత పదుల సంఖ్యలో ముస్లిం కుర్రాళ్ళను పట్టుకుపోయారు. తెలుగు పత్రికలు వాళ్ళ ఫొటోలు వేశాయి. వాళ్ళు నిర్దోషులుగా బయటికొచ్చినప్పుడు ఆ వార్త ఏ పేజీలో వచ్చిందో వెతుక్కోవాల్సి వచ్చింది. కొందరికి ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది, 2013లో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. దర్యాప్తు వేరే దిక్కుకు వెళ్ళి పట్టుకున్నవాళ్ళు కూడా 2018లో నిర్దోషులయ్యారు. మసీదులో చచ్చిపోయినవాళ్ళను ఎవరూ చంపలేదన్నమాట.

1978లో హైదరాబాదు నల్లకుంట ఠాణాలో ఒక ముస్లిం స్త్రీ మీద అత్యాచారం చేసి, ఆమె భర్తను కొట్టి చంపారు. ఊరు మండిపోయింది, జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని చెప్పింది. విచారణ పొడుగునా పోలీసు పక్షం రుజువు చేయాలని చూసింది ఏమిటంటే, ఆమె అతని భార్యే కాదని. నిఖా జరిగిందా, కాగితం ఉందా, ఆమె నడత ఏమిటి? చావు మీద జరగాల్సిన విచారణ ఆమె మీద జరిగింది. కేసు కర్ణాటకకు బదిలీ అయింది, పోలీసులు విడుదలయ్యారు. ముద్దయీ ముద్దాయి అవడమంటే ఇది.

సినిమావాళ్ళదీ ఇదే దారి. 2002లో వచ్చిన 'ఖడ్గం'ను సౌహార్దానికి గొప్ప ఉదాహరణగా చెబుతారు. అందులో పోలీసు అధికారి కోపానికి కారణం ఉంది, కథ ఉంది, ప్రేమ ఉంది. ముస్లిం ఆటోడ్రైవరుకు దేశభక్తి ఉంది, అదొక్కటే ఉంది. తమ్ముడు ఉగ్రవాది గనక అన్న గొంతు చించుకుని దేశం మీద ప్రేమ అరిచి చెప్పాలి. అతని సిగరెట్టు బాకీ ఏమిటో, అద్దె ఎంతో మనకు తెలియదు. ఆ పాత్ర వేసిన నటుడు గొప్పగా చేశాడు, అందులో అనుమానం లేదు. గొప్పగా చేసిన కొద్దీ ప్రేక్షకుడి మనసులో ఆ నిబంధన గట్టిపడింది. తెలుగులో ఈ అనుమానాన్నే వస్తువుగా తీసుకుని 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' రాశాక, మా తరం అందులో తన ముఖం చూసుకుంది. అయితే ఆ తర్వాత మావాళ్ళు రాసిన కథల్లో కానిస్టేబులు దాదాపు ఎప్పుడూ ముఖం లేని రాక్షసుడే. అతను మాదిగ కుర్రాడో, బీసీ కుర్రాడో కావచ్చు, పై అధికారి ఇంట్లో అంట్లు తోమి వచ్చినవాడు కావచ్చు. ఆ సంగతి రాయకపోతే మా కథ కూడా ఒక పంచనామా అవుతుంది. అందులోనూ ముందే రాసిపెట్టిన దాని కింద సాక్షులు సంతకం పెడతారు.

పోలీసులే ఏమనుకుంటున్నారో అడిగినవాళ్ళూ ఉన్నారు. 2019లో కామన్ కాజ్, సి.ఎస్.డి.ఎస్. కలిసి చేసిన సర్వేలో, అడిగిన పోలీసుల్లో దాదాపు సగం మంది ముస్లింలకు నేరం వైపు సహజంగానే మొగ్గు ఉంటుందన్నారు. 1911 గెజిట్ ఎరుకలవాళ్ళ గురించి అన్నది సరిగ్గా ఈ మాటే.

ఇది మా ఒక్కరి బాధ అని మేం అనుకోవడం లేదు. 2006లో కొల్లేటి చెరువుల గట్లు పేల్చడానికి వచ్చినప్పుడు లంకల్లో దిగిన పోలీసును చూశాం. పక్షుల కోసం, సరస్సు కోసం చేసిన పనే, అక్రమ చెరువులు పోవాల్సిందే. గట్టు మీద నిలబడి ఏడ్చింది వడ్డీ ఆడవాళ్ళు, ఆ చెరువుల వెనక డబ్బు పెట్టిన పెద్దమనుషులు ఆ రోజు గట్టు మీద లేరు. 2016లో తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కు వద్దన్న పల్లెల మీద 144 సెక్షను పెట్టారు. 2017లో గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం పెట్టుకున్న దళితులను ఊరు వెలివేస్తే బందోబస్తు వచ్చింది గానీ వెలి ఆగలేదు. 2023 జనవరిలో రోడ్ల మీద సభలు వద్దంటూ ప్రభుత్వం ఇచ్చిన జి.ఓ. 1కు ఆధారం 1861 చట్టం. హైకోర్టు మే నెలలో దాన్ని కొట్టేసింది. ప్రకాశ్ సింగ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు పోలీసు సంస్కరణలకు ఏడు ఆదేశాలిచ్చింది. ఐరిష్ యంత్రం వాటిని ఫైల్లో పెట్టుకుంది.

మా నానా పోయాక ఆయన ట్రంకు పెట్టెలో రెండు రకాల పుస్తకాలు దొరికాయి. ఆఫీసు కోసం తెలుగులో రాసుకున్న నకళ్ళు కొన్ని. తన కోసం ఉర్దూలో రాసుకున్న చిన్న డైరీలు కొన్ని, ఎవరికి ఎంత అప్పు, ఏ రోజు ఎక్కడ డ్యూటీ, ఏ కేసు ఎందాకా వచ్చింది. రెండింట్లోనూ ఒకే కేసు కనబడిన చోటు ఒకటి మేం పక్కపక్కన పెట్టి చదివాం. తాడేపల్లిగూడెం వైపు ఏదో మేకల దొంగతనం. తెలుగు కాగితంలో 'ముద్దాయి' అంటే మేకలు ఎత్తుకుపోయినవాడు. ఉర్దూ డైరీలో 'ముద్దయీ' అంటే మేకలు పోయినవాడు. చేతిరాత ఒకటే, సిరా ఒకటే, తేదీ ఒకటే. ఆ రెండు మాటల మధ్య తేడా ఆయనకు ఎప్పుడైనా తట్టిందో లేదో డైరీలో లేదు. కింది గీత మీద మాత్రం, ఉర్దూలోనే, మేకలు రెండూ దొరికాయనీ, ముద్దయీకి ఒకటే ఇచ్చామనీ రాసి ఉంది.